కారు క్లబ్ ట్రిప్‌కి వీల్‌చైర్‌తో వెళ్లడం: హాల్టుల నుంచి మొదలుపెట్టి ప్లాన్ చేయడం ఎలా

పాతిక కార్లు వరసగా వెళ్లే ట్రిప్‌లో వీల్‌చైర్ వాడేవారికి చిక్కు కారు కదులుతున్నప్పుడు రాదు, ఆగినప్పుడు వస్తుంది. రోడ్డెక్కాక స్టీరింగ్ వెనక ఎవరున్నా ఒకటే. "పది నిమిషాలు ఆగుదాం" అని వాకీటాకీలో వినపడగానే లెక్క మారిపోతుంది. మిగతావాళ్లకి దిగడమంటే తలుపు తీయడమే. మీరు కుర్చీ ఫ్రేమ్ బయటికి తీయాలి, చక్రాలు తొడగాలి, కుషన్ వేయాలి, సీట్లోంచి కుర్చీలోకి మారాలి, కాళ్లు సర్దుకోవాలి. ఈలోపు ఆరు నిమిషాలు అయిపోతాయి. మళ్లీ ఎక్కడానికి ఇంకో ఆరు. పది నిమిషాల హాల్టులో పన్నెండు నిమిషాల పని! అందుకే చాలామంది దిగడం మానేసి కారులోనే ఉండిపోతారు. సాయంత్రానికి అది ట్రిప్ కాదు, డ్యూటీ.

కాబట్టి ఇక్కడ రూటు కన్నా హాల్టుల మాటే ఎక్కువ ఉంటుంది.

మొదటి పని: మీ టైమ్ కొలుచుకోండి

ట్రిప్‌కి కనీసం రెండు వారాల ముందు, వెళ్లబోయే కారుతోనే, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టుకుని మూడుసార్లు దిగి ఎక్కండి. మూడింటిలో ఎక్కువ పట్టిన టైమే మీ అసలు టైమ్. ఎందుకంటే రోజులో నాలుగోసారి దిగేటప్పటికి భుజాలు అలిసిపోయి ఉంటాయి, నేల ఇంటి ముందున్నంత చదునుగా ఉండదు. దిగడానికి 6, ఎక్కడానికి 6 అనుకుంటే, అయిదు హాల్టులకి గంట. ఆ గంట క్లబ్ టైమ్‌టేబుల్లో ఎక్కడా ఉండదు. మీరు చెబితే తప్ప నిర్వాహకులకి ఆ సంగతి తట్టదు కూడా.

అన్ని హాల్టుల్లోనూ దిగాలన్న పట్టుదల వద్దు. రోజుకి మూడు చోట్ల దిగేలా, మిగతా చోట్ల సీట్లోంచే చూసేలా ముందే తేల్చుకోండి. ఆ మూడింటికి మాత్రం ఒక్కోదానికి కనీసం 40 నిమిషాలు అడగండి.

నిర్వాహకులతో తేల్చుకోవాల్సినవి

వరసలో మీ స్థానం. మంచి మనసుతోనే చాలామంది వీల్‌చైర్ ఉన్న కారుని చివర, స్వీప్ కారుకి (అందరి వెనక వచ్చే కారుకి) ముందు పెడతారు, "మెల్లగా రావచ్చు కదా" అని. ఇది తలకిందుల ఆలోచన. కాన్వాయ్ రబ్బరు బ్యాండులా సాగుతుంది. ముందు కారు ఒక మలుపు దగ్గర కాస్త నెమ్మదిస్తే ఆ ఆలస్యం కారు కారుకీ పెరుగుతూ పోతుంది, చివరివాళ్లు అందుకోవడానికి పరుగులు పెట్టాల్సి వస్తుంది. హాల్టు దగ్గరికి అందరికన్నా ఆఖర్న చేరేదీ వాళ్లే, విశ్రాంతి తక్కువ దొరికేదీ వాళ్లకే. మీకు కావాల్సింది లీడ్ కారు వెనక రెండో స్థానమో మూడోదో. ముందు చేరతారు, ఖాళీగా ఉన్నప్పుడే మంచి చోటు దొరుకుతుంది, అందరూ వచ్చేసరికి మీరు కుర్చీలో ఉంటారు.

పార్కింగ్. మీరు దిగే వైపు తలుపు పక్కన కనీసం 1.2 మీటర్ల ఖాళీ ఉండాలి. తలుపులు పొడుగ్గా ఉండే రెండు తలుపుల కారైతే 1.5 మీటర్లు. వరసలో చివరి చోటు తీసుకున్నా చాలదు, అవతలి పక్కన ఎవరో తర్వాత వచ్చి పెట్టేస్తారు. లీడ్ కారు డిక్కీలో రెండు ట్రాఫిక్ కోన్లు ఉంచమనండి. ముందు దిగినవాళ్లు ఆ ఖాళీలో కోన్ పెట్టాలి, మీరు తిరిగి కారెక్కేదాకా తీయకూడదు. దిగేటప్పుడు ఉన్న చోటు ఎక్కేటప్పటికి మాయమైపోవడం ఈ ట్రిప్పుల్లో అందరికీ ఎదురయ్యేదే.

ఫోటో హాల్టు. మీ కారుని దృశ్యం వైపు ముక్కు పెట్టి నిలబెట్టే చోటు ముందే ఎంచమనండి. వ్యూ పాయింట్ గోడ మీరు కుర్చీలో కూర్చున్నప్పటి కంటి ఎత్తు దాటితే గోడ తప్ప ఏమీ కనపడదు. అలాంటి చోట దిగడం దండగ.

టాయిలెట్. రెండు గంటలకి ఒకటి, ఎవరో ఒకరు స్వయంగా చూసొచ్చినది ఉండాలి. రెక్కీకి (ముందుగా దారి చూసిరావడానికి) వెళ్లేవాళ్లని "అక్కడ వీల్‌చైర్‌కి వీలవుతుందా?" అని మాత్రం అడగకండి. "ఆ, ఏం పర్లేదన్నా, ఒక్క మెట్టే!" అనే జవాబు వస్తుంది. ఆ ఒక్క మెట్టు 15 సెంటీమీటర్లు ఉంటే, ఒంటరిగా ఎక్కడానికి 1:12 వాలు లెక్కన 1.8 మీటర్ల ర్యాంప్ కావాలి. వాళ్లకి ఒక టేపు ఇచ్చి ఇవి కొలుచుకురమ్మనండి: తలుపు పూర్తిగా తెరిచాక మిగిలే వెడల్పు, మెట్ల సంఖ్య, ఒక్కోదాని ఎత్తు, కారు ఆగే చోటు నుంచి తలుపుదాకా నేల ఎలాంటిది, లోపల కమోడ్ పక్కన ఎంత ఖాళీ ఉంది. ప్రతిదానికీ ఒక ఫోటో. తలుపు వెడల్పుని మీ కుర్చీ వెడల్పుతో పోల్చేటప్పుడు సీటు కొలత చూడకండి, చేత్తో తిప్పే రిమ్ముల బయటి అంచు నుంచి అంచుకి కొలవండి. సీటు 40 సెంటీమీటర్లున్న మామూలు కుర్చీ కూడా మొత్తమ్మీద 60 దాకా వస్తుంది. దానికి తోడు వేళ్లకి చోటు కావాలి. తలుపు 75 దాటితే ఇబ్బంది ఉండదు.

ఏ కారులో కూర్చోవాలి

సొంత కారైతే మీకు తెలిసిందే. క్లబ్ ట్రిప్‌లో అసలు తమాషా వేరొకరి పాత కారులోనో స్పోర్ట్స్ కారులోనో ఓ దఫా కూర్చోవడం. కాదనుకోనక్కర్లేదు, కానీ కొలతలు చూడకుండా వద్దు. నేల నుంచి కారు సీటు ఎత్తు, తలుపు గుమ్మం వెడల్పు, పైకప్పు అంచు నుంచి సీటుకి ఉన్న ఎత్తు కొలవండి. కుర్చీ సీటు కుషన్‌తో కలిపి 48 నుంచి 52 సెంటీమీటర్లు ఉంటుంది. కారు సీటు దీనికి పది సెంటీమీటర్లు అటూ ఇటూగా ఉంటే సాఫీగా సాగుతుంది. పదిహేను దాటితే ట్రాన్స్‌ఫర్ బోర్డు (కుర్చీకీ సీటుకీ మధ్య వంతెనలా వేసే పలక) జారుడుబల్ల అవుతుంది.

తక్కువ ఎత్తు కార్లతో ఓ మోసం ఉంది: ఎక్కడం చాలా తేలిక, దిగడానికి తల ప్రాణం తోకకొస్తుంది. సీటు 35 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, దిగేటప్పుడు ఒంటి బరువుని పదిహేను సెంటీమీటర్లు పైకి ఎక్కించాలి. కాబట్టి పరీక్ష ఎప్పుడూ దిగడం మీదే జరగాలి. గట్టి ఫోమ్ పలకలు, ఒక్కోటి 5 సెంటీమీటర్ల మందం, రెండు ఉంచుకుంటే సీటు మీద ఒకదాని తర్వాత ఒకటి వేసుకుంటూ మెట్లెక్కినట్టు పైకి రావచ్చు. తలుపుకి అడ్డంగా రోల్ కేజ్ (కారు బోల్తా పడితే కాపాడే ఇనుప చట్రం) గొట్టం ఉన్న కారైతే ఆశ వదులుకోండి. రేసింగ్ సీటు పక్క అంచులు ఎత్తుగా ఉంటే బోర్డు వాటి మీద నిలవదు, మధ్యలో తూగుతుంది.

కుర్చీలోనే కూర్చుని ప్రయాణించేవారికి వ్యాన్ కావాలి. అక్కడ నాలుగు వైపులా బిగించే పట్టీలు, వాటితో పాటు విడిగా మనిషికి సీటు బెల్టు తప్పనిసరి. కుర్చీ ఐఎస్‌ఓ 7176-19 ప్రకారం క్రాష్ పరీక్ష పాసైనదా, పట్టీలు ఐఎస్‌ఓ 10542 కి సరిపోతాయా చూసుకోండి. పరీక్ష పాసైన కుర్చీ ఫ్రేముకి కొక్కెం బొమ్మ గుర్తు నాలుగు చోట్ల ఉంటుంది. పట్టీలు అక్కడే తగిలించాలి, చక్రాలకో చేతి ఆనికకో కాదు. బెల్టు చేతి ఆనికల మీదుగా పోతే నడుముకి ఆనదు. వాటి లోపలి నుంచి, తుంటి ఎముకల మీదుగా పోవాలి.

సీట్లోకి మారడం, అడుగడుగునా

1. చదును నేల చూసుకోండి. వాలు తప్పకపోతే, మారే దిశ కిందికి ఉండేలా కారు నిలపండి. హ్యాండ్‌బ్రేక్ లాగి, గేరులో ఉంచండి.

2. సీటు పూర్తిగా వెనక్కి జరపండి, ఆనుకునే భాగం కొంచెం వాల్చండి. స్టీరింగ్ పైకి లేచేదైతే లేపండి.

3. కుర్చీని సీటుకి 30 నుంచి 45 డిగ్రీల కోణంలో, వీలైనంత దగ్గరగా తెచ్చి, చివర ఓ జానెడు వెనక్కి లాగండి. అలా లాగితే ముందున్న చిన్న చక్రాలు ముందు వైపుకి తిరిగి ఆగుతాయి, అప్పుడు మీరు ముందుకి వంగినా కుర్చీ తల్లకిందులవదు. ఈ చిన్న పని మర్చిపోవడం వల్లే ఎక్కువమంది పడతారు.

4. బ్రేకులు వేసి, కుర్చీని చేత్తో ఒకసారి తోసి చూడండి. బ్రేకు టైరుని నొక్కి ఆపుతుంది, టైర్లో గాలి తగ్గితే పట్టు ఉండదు. బ్రేకు వదులైందని స్క్రూలు బిగించే ముందు గాలి కొట్టండి.

5. కుర్చీకి కారు వైపున్న పక్క రేకు తీసేయండి. బోర్డు మూడో వంతు మీ తొడ కిందికి, అవతలి చివర సీటు మధ్యదాకా రావాలి. గుమ్మం అంచు మీద ఆగితే చాలదు. బోర్డు అంచు కింద వేళ్లు పెట్టకండి, నలిగిపోతాయి.

6. కాళ్లు ముందు లోపల పెట్టడమా, తర్వాత పెట్టడమా అనేది మీ ఒంటి తీరుని బట్టి ఉంటుంది. ఏదైనా సరే, ఒకటే పద్ధతికి అలవాటు పడండి. అలసటలో చేతులు అలవాటు ప్రకారమే పోతాయి.

7. బాగా ముందుకి వంగి, తలని కారుకి అవతలి వైపు తిప్పండి. తల ఎటు పోతే తుంటి దానికి ఎదురు దిక్కుకి పోతుంది. రెండు మూడు చిన్న ఎత్తులుగా మారండి, ఈడ్చుకుంటూ పోకండి. ఈడిస్తే చర్మం ఒక పక్కకి, ఎముక ఒక పక్కకి లాగినట్టయి లోపల చితుకుతుంది.

8. పట్టుకోవడానికి సీటు అంచు, ఫ్రేమ్ మంచివి. తలుపు కదులుతుంది, కిటికీ అద్దం పగులుతుంది, స్టీరింగ్ పక్క మీటలు విరుగుతాయి.

కుర్చీని సర్దడం

పెద్ద చక్రాల ఇరుసు సాధారణంగా 12.7 మిల్లీమీటర్లది, మధ్యలో బటన్ నొక్కితే ఊడొస్తుంది. మళ్లీ తొడిగాక బటన్ పూర్తిగా బయటికి పొంగిందా చూసి, చక్రాన్ని బయటికి గట్టిగా లాగి పరీక్షించండి. ఇసుకలో ఆగిన హాల్టుల తర్వాత ఇరుసు గుడ్డతో తుడవండి. అక్కడి ఇసుక రేణువే బటన్ సగంలో ఇరుక్కోవడానికి కారణం.

తేలికపాటి కుర్చీ అయినా పది పన్నెండు కిలోలుంటుంది. క్రాష్ పరీక్షల్లో వాడే 20 జీ (గురుత్వాకర్షణకి ఇరవై రెట్లు) వేగ తగ్గుదల లెక్కన, పన్నెండు కిలోల వస్తువు 240 కిలోల బరువుగా ముందుకి దూసుకొస్తుంది. కాబట్టి వెనక సీట్లో ఊరికే పడేయకండి. సీటు బెల్టుని ఫ్రేమ్ లోంచి పోనిచ్చి బిగించండి, చక్రాలు డ్రైవర్ వెనక నేల మీద పెట్టండి.

టూల్ సంచిలో: 3, 4, 5, 6 మిల్లీమీటర్ల అల్లెన్ కీలు, కుర్చీ టైరు సైజుకి సరిపడే రెండు ట్యూబులు, టైరు ఊడదీసే ప్లాస్టిక్ మీటలు, ఎక్కువ ఒత్తిడి ఇచ్చే చేతి పంపు, జిప్ టైలు, ముందు చక్రాల బేరింగులు రెండు. చాలా కుర్చీల్లో అవి 608 రకం, స్కేట్‌బోర్డ్ చక్రాలకి వాడేవే, కాబట్టి దారిలోనూ దొరకొచ్చు. ట్యూబు వాల్వు ఏ రకమో చూసుకుని అడాప్టర్ ఉంచుకోండి. కారు టైర్లకి గాలి కొట్టే మెషిన్ సన్నటి వాల్వుకి పట్టదు. వీల్‌చైర్ టైర్లకి కావాల్సిన ఒత్తిడి టైరు పక్కనే రాసి ఉంటుంది, అది మామూలుగా కారు టైరు ఒత్తిడికి రెండు మూడు రెట్లు.

మోటారు కుర్చీ అయితే ఛార్జర్ మీ చేతి సంచిలోనే ఉండాలి, ఎవరి డిక్కీలోనో కాదు. ఎక్కించాక పవర్ ఆపేసి, జాయ్‌స్టిక్ వైరు తీసి గుడ్డ చుట్టండి.

ఒంటి సంగతులు

స్పర్శ లేనివాళ్లకి కారు సీటు కుర్చీ కుషన్ లాంటిది కాదు. పుండ్లు పడకుండా అరగంటకోసారి ఒత్తిడి తప్పించాలి, ఒక్కోసారి రెండు నిమిషాల దాకా. చేతుల మీద పైకి లేచి పది సెకన్లు ఆగితే రక్తం తిరిగి రావడానికి టైమ్ చాలదు. హాల్టులో దిగకపోయినా స్టీరింగ్ మీదికి వాలండి, లేదా ఒక పక్కకి, తర్వాత రెండో పక్కకి ఒరగండి. ఎత్తైన గాలి కుషన్ డ్రైవర్ సీట్లో వాడకండి. మలుపుల్లో కింద ఊగుతుంది, బెల్టు తుంటి మీంచి జారి పొట్ట మీదికొస్తుంది. సీటు హీటర్ అసలే వద్దు, కాలినా తెలియదు. పాత కార్లలో గేర్‌బాక్స్ పక్క నేల బాగా వేడెక్కుతుంది, చెప్పులు కాకుండా బూట్లు వేసుకోండి, పాదం ఆ రేకుకి ఆనకుండా చూసుకోండి.

ఘాట్ ఎక్కే ట్రిప్‌లో చాలామందికి తట్టని విషయం: గాలి కుషన్ ఎత్తుతో పాటు మారుతుంది. 2000 మీటర్ల దగ్గర బయటి గాలి ఒత్తిడి సముద్రమట్టం కన్నా సుమారు అయిదో వంతు తక్కువ. కుషన్ ఉబ్బి బుడగలా గట్టిపడుతుంది, మీరు దానిలో దిగకుండా పైన తేలతారు. అక్కడ గాలి వదిలి సరిచేసుకుంటే బాగానే ఉంటుంది. కానీ మర్నాడు కిందికి దిగాక అదే కుషన్ చచ్చుబడి ఎముక పలకకి తగులుతుంది. ఇదే ఎక్కువ ప్రమాదం. పైకెళ్లాక ఒకసారి, కిందికి వచ్చాక ఒకసారి, కుషన్‌కీ ఒంటికీ మధ్య చెయ్యి పెట్టి చూడండి: కిందికి దిగిన ఎముకకీ పలకకీ మధ్య ఒకటిన్నర నుంచి రెండున్నర సెంటీమీటర్లు ఉండాలి.

టాయిలెట్ భయంతో నీళ్లు మానేయడం అందరూ చేసే తప్పు. మూత్రం చిక్కబడి ఇన్ఫెక్షన్‌కి దారి తీస్తుంది. క్యాథెటర్ (మూత్రం తీసే గొట్టం) నాలుగు నుంచి ఆరు గంటలకోసారి అన్న లెక్క ట్రిప్‌లోనూ మారదు. రోజుకి కావాల్సిన వాటికి మించి రెండు రోజులకి సరిపడా ఉంచుకోండి, సగం మీ కారులో, సగం స్వీప్ కారులో. కాలికి కట్టుకునే మూత్రం బ్యాగు మూడింట రెండు వంతులు నిండగానే ఖాళీ చేయండి.

వెన్నుపాము గాయం ఛాతీలోని ఆరో వెన్నుపూస స్థాయిలోనో అంతకు పైనో ఉన్నవారు పక్కవాళ్లకి తప్పక చెప్పాల్సిన మాట ఒకటుంది. మూత్రాశయం నిండినా, క్యాథెటర్ గొట్టం మెలి తిరిగినా, బెల్టో బట్టలో బిగుసుకున్నా బీపీ ఒక్కసారిగా ఎగబాకొచ్చు. గుర్తులు: తల పగిలిపోయే నొప్పి, గాయానికి పైన చెమటలు, ముఖం ఎర్రబడడం. పడుకోబెట్టకూడదు. నిటారుగా కూర్చోబెట్టి, కాళ్లు కిందికి వేలాడేసి, బిగుతైనవన్నీ వదులు చేసి, ముందు మూత్రం సంగతి చూడాలి. తగ్గకపోతే అంబులెన్స్. ఇదంతా ఒక అట్ట మీద రాసి సన్‌వైజర్‌కి తగిలించండి.

ఎండలో ఏసీ లేని పాత కారైతే నీళ్ల స్ప్రే సీసా దగ్గరుంచుకోండి. గాయానికి కింద చెమట పట్టదు కాబట్టి ఒళ్లు తనంతట తాను చల్లబడదు.

హ్యాండ్ కంట్రోల్స్‌తో కాన్వాయ్‌లో నడపడం

ఒక చెయ్యి బ్రేకు, యాక్సిలరేటర్ నడిపే లివర్ మీద, ఇంకో చెయ్యి స్టీరింగ్ గుబ్బ మీద. వాకీటాకీ బటన్ నొక్కడానికి మూడో చెయ్యి లేదు! రేడియో పక్కసీటు మనిషికి ఇవ్వండి. ఒంటరిగా నడిపితే వినడానికి మాత్రమే వాడతారని లీడ్ కారుకి చెప్పండి, జవాబు రాలేదని కంగారు పడకుండా.

చాలా దూరం కిందికి దిగే రోడ్లలో బ్రేకు లివర్‌ని నొక్కి పట్టుకుంటే ముందు చెయ్యి లొంగుతుంది, తర్వాత బ్రేకులు వేడెక్కుతాయి. ఆటోమేటిక్ కారైనా తక్కువ గేరు ఎంచుకుని ఇంజన్ బ్రేకింగ్‌తో దిగండి. కాళ్లు కొంకర్లు పోయేవారు పెడల్ గార్డ్ రేకు బిగించుకోవాలి, లేకపోతే పాదం బ్రేకు పెడల్ కిందికి జారి అడ్డం పడుతుంది. మార్పులు చేసిన కారని బీమా కాగితాల్లో రాయించారో లేదో బయల్దేరక ముందే చూసుకోండి.

కారు ఆగిపోతే

రోడ్డు పక్క రెయిలింగ్ దాటి నిలబడమనే మామూలు సలహా మీకు పనికిరాదు. కుర్చీ దించడానికి ట్రాఫిక్ వైపు దిగాల్సి వస్తే దిగకండి. వీలైనంత పక్కకి ఆపి, హజార్డ్ లైట్లు వేసి, బెల్టు పెట్టుకునే ఉండి, ఫోన్లో మొదటి వాక్యంలోనే వీల్‌చైర్ వాడతానని చెప్పండి. లాగుడు బండి క్యాబిన్ ఎత్తుగా ఉంటుంది, మీరు ఎక్కలేరు. దాని మీదికి ఎక్కించిన కారులో మిమ్మల్ని కూర్చోనివ్వరు కూడా. అందుకే సీటు ఎత్తు కొలిచి చూసిన, డిక్కీలో కుర్చీ పట్టే కారునే స్వీప్ కారుగా పెట్టమని ముందు రోజే అడగాలి. ఆ డ్రైవర్‌తో ఒకసారి ఎక్కి దిగి చూడండి.

సాయం చేసేవాళ్లు ఇద్దరు చాలు. పేర్లు ముందే అనుకోండి. అందరూ ఎగబడితే ఒకరు చేతి ఆనిక, ఒకరు కాలిపలక పట్టుకుని లేపుతారు, అవి ఊడి చేతిలోకొస్తాయి. లేపాల్సింది కదలని ఫ్రేముని మాత్రమే. కంకరలో ముందుకి తోయకూడదు, కుర్చీని వెనక్కి వంచి, చిన్న చక్రాలు గాల్లో ఉంచి, వెనక్కి లాక్కుపోవాలి.

రాత్రి బస

క్లబ్ గదులన్నీ ఒకేసారి బుక్ చేస్తుంది, హోటల్లో వీల్‌చైర్ గది ఒకటో రెండో ఉంటాయి. కాబట్టి మీ గది విడిగా, ముందుగా, రాతపూర్వకంగా ఖరారు చేయించండి. "అప్పటికి చూస్తాం" అంటే లేదనే అర్థం. మంచం ఎత్తు, బాత్రూం తలుపు వెడల్పు, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా, స్నానానికి గోడ సీటు ఉందా, లోపల కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల చోటుందా అని అడగండి. ప్లాస్టిక్ కుర్చీ వేస్తామంటే ఒప్పుకోకండి. తడి నేల మీద దాని కాళ్లు విచ్చుకుంటాయి.

ప్రతి రాత్రీ, ఇల్లు చేరిన రాత్రి కూడా, పొడుగు పిడి అద్దంతోనో ఫోన్ కెమెరాతోనో పిరుదులు, తోక ఎముక, మడమలు చూసుకోండి. ఒత్తిడి తీసేసిన అరగంటకి కూడా ఎరుపు పోకపోతే, మర్నాడు దాని మీద కూర్చోకూడదు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఎరుపు సరిగా కనపడదు, వేలి వెనకతో తాకి చూడండి: చుట్టుపక్కల కన్నా వేడిగానో గట్టిగానో తగిలితే ఎరుపుతో సమానమే. అలా ఉంటే మర్నాటి ప్రయాణం వదిలేసి, గదిలో పక్కకి తిరిగి పడుకోండి.